నరం అన్న మాట

మధ్యాహ్నం మూడు గంటలకు అక్కమ్మను జమ్మలమడుగు కోర్టులో మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తర్వాత జైలే. ఆదినారాయణ వాచీ చూసుకున్నాడు. పదకొండూ పది. చేతిలో నాలుగు గంటలు కూడా లేవు. అందులో ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు బండి మీద పోయే అరగంట తీసెయ్యాలి.

ఆయన నిలబడి ఉన్నది ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో, మూడో నంబరు మంచం పక్కన. మంచం ఖాళీగా ఉంది. మంగళవారం దీని మీద కూర్చుని వెళ్ళిన ఇరవై ఆరేళ్ళ జాహ్నవి, బుధవారం పొద్దున ఆరూ నలభైకి పెద్దముడియంలో పుట్టింటి వసారాలో కుప్పకూలి చనిపోయింది.

పోస్టుమార్టం చేసిన డాక్టరు రెండు ముక్కలు రాశాడు. ఎడమ పిక్కలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ తెగి, ఊపిరితిత్తుల్లోకి పోయి అడ్డం పడింది. ఇది మొదటిది. ఎడమ పిక్క మీద జిడ్డు పదార్థం పూసి ఉంది. ఇది రెండోది. సి.ఐ. సురేంద్రకు ఆ రెండో ముక్క చాలు. గొర్రెలు మేపుకునే అక్కమ్మకు, పట్టేసిన కాళ్ళూ నడుములూ వత్తి సరిచేస్తుందని చుట్టుపక్కల ఊళ్ళలో పేరుంది. మంగళవారం పొద్దున ఏడింటికి ఆమె జాహ్నవి ఇంటికి వచ్చింది. నూనె రాసి వత్తింది, గడ్డ తెగింది, పిల్ల పోయింది. అంతే, కేసు తేలిపోయింది! డెబ్బై ఏళ్ళ ముసలిదాన్ని జీపెక్కించాడు. ఆమె కోడలు పద్మావతమ్మ నిన్న వచ్చి ఆదినారాయణ గుమ్మంలో కూలబడింది.

డిటెక్టివ్ అనగానే నల్లకోటూ పిస్తోలూ ఊహించుకోకండి. ఆదినారాయణకు ఉన్నవి ఒక పాత మోటారుసైకిలు, ఒక చిన్న నోటుబుక్కు, జేబులో ఎప్పుడూ ఒక కొలత టేపు. చేసేది ఎక్కువగా పెండ్లి సంబంధాల వాకబు. పిల్లోడు తాగుతాడా, ఉద్యోగం నిజమేనా, ఇట్లాంటివి. మూడేళ్ళ కిందటి దాకా ఎస్సై. భార్య లక్ష్మీప్రియ పోయిన నెలకు ఉద్యోగానికి దండం పెట్టి బయటికొచ్చాడు.

ఇరవై ఏళ్ళ సర్వీసులో, ఈ మూడేళ్ళ వాకబుల్లో, ఆయనకు తేలకుండా మిగిలిపోయిన కేసు ఒక్కటే. అదీ రెండు మాటల కేసు. లక్ష్మీప్రియ ఆఖరి సాయంత్రం, తొండూరులో వాళ్ళ అరుగు మీద కూర్చుని, ఆయన ఒడిలో పాదం పెట్టుకుని, "నీకొక మాట చెప్పాల" అంది. ఎందుకో ఆగింది. నవ్వింది. "ఏం లేదులే" అంది. తెల్లారేసరికి మనిషి లేదు. గుండెపోటన్నారు. ఏమిటా మాట? దొంగలతో మాటలు కక్కించినవాడికి, కట్టుకున్నదాని మాట ఒక్కటి రాబట్టుకోవడం చేతకాలేదు. ఆ గొంతు ఇంకొక్కసారి వింటే చాలని, అది తిట్టయినా సరేనని, ఆయనకు రోజూ ఏదో ఒక వేళ ప్రాణం కొట్టుకుపోతుంది.

"చెప్పండి, ఏం కావాలి?" అంటూ డాక్టర్ అమూల్య వచ్చింది. ముప్పై లోపు వయసు, గుంటూరు వైపు మనిషి, ఈ ఊరికి వచ్చి ఏడు నెలలు. కళ్ళ కింద నల్లగా ఉంది.

ఆదినారాయణ నోటుబుక్కు తీశాడు. "మంగళవారం జాహ్నవి పేరు రాసుకున్నది పదీ నలభై రెండుకు. మీరు చూసింది పదీ యాభై ఒకటికి. సూది వేసింది పదీ యాభై ఎనిమిదికి. బయటికి పోయింది పదకొండూ ఒకటికి. మొత్తం పంతొమ్మిది నిమిషాలు. సరేనా డాక్టరమ్మా?"

"ఆ రోజు మధ్యాహ్నం లోపు నలభై ఒక్కమందిని చూశాను. ఒక్కదాన్నే ఉన్నాను. అది కూడా రాసుకోండి."

"రాసుకుంటా. తప్పు పట్టేదానికి రాలేదు. ఒక ముసలామె జైలుకు పోతాంది, దాని కోసరం వచ్చినా. ఆ పొద్దు ఏమని మందిచ్చినారు?"

ఆమె కంప్యూటరు తెర ఆయన వైపు తిప్పింది. లెఫ్ట్ లెగ్, నర్వ్ పెయిన్, రెండు రోజులు. ఆపరేషన్లు: లేవు.

"నడుములో నరం నొక్కుకుంటే కాలు లాగుతుందండీ. రోజూ వస్తుంటారు. దానికి ఇచ్చే మందే ఇచ్చాను."

"కాలు చూసినారా?"

అమూల్య చూపు తెర మీదికి పోయింది. ఆదినారాయణ రెట్టించలేదు. ఆయన పద్ధతి అది, జవాబు రాని ప్రశ్నను అక్కడే వదిలేసి ఇంకో వైపు నుంచి వస్తాడు. రిసెప్షన్ అమ్మాయిని పిలిపించాడు.

"పాపా, జాహ్నవి నీతో ఏమని చెప్పింది? కంప్యూటర్లో కొట్టింది కాదు. ఆయమ్మి నోట్లోంచి వచ్చిన మాట చెప్పు."

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. "ఎడమ పిక్కలో నరం గట్టిబడిందక్కా, తాడు మాదిరి తగులుతాంది అనింది సార్. నరం అంటే నర్వే గదా అని అట్ల కొట్టినా."

అమూల్య తటాలున తలెత్తింది. "తాడు మాదిరి అందా? నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఈ బాక్సులో రెండు మాటలకే జాగా ఉంటాది మేడమ్."

చూశారా ఎక్కడ దెబ్బతిన్నదో! మన నోటికి రక్తం పారేదీ నరమే, నొప్పి తెలిసేదీ నరమే, కండను ఎముకకు కట్టి ఉంచేదీ నరమే. సూది వేసే నర్సు "నరం దొరకలేదు" అంటుంది, నడుం పట్టిన తాత "నరం పట్టింది" అంటాడు. జాహ్నవి చెప్పింది రక్తం పారే నరం గురించి. కంప్యూటరులోకి పోయింది నొప్పి తెలిసే నరం. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు, ఈ పిల్ల తప్పు వినలేదు, అయినా మనిషి పోయింది.

"కెమెరా చూపించు పాపా" అన్నాడు ఆదినారాయణ.

తెర మీద పదీ నలభై రెండు. ప్రవీణ్ అనే కుర్రాడు భార్యను భుజం పట్టి నడిపించుకొస్తున్నాడు. ఆమె ఎడమ కాలు ఈడుస్తోంది. ఆదినారాయణ బొమ్మను ఆపి, వేలు పెట్టి చూపించాడు.

"ఇది మే నెల. మన ఎండ సంగతి ఏడు నెలల్లో మీకు తెలిసే ఉంటాది. ఈ ఉక్కలో తలకు గుడ్డ గట్టిగా చుట్టుకుని, రెండు చెవుల్లో దూది పెట్టుకునే ఆడమనిషి ఎవరు డాక్టరమ్మా?"

అమూల్య కుర్చీలో కూర్చుండిపోయింది. "బాలింత" అంది మెల్లగా. "మా అక్కకీ ఇలాగే కట్టారు. పురిటి స్నానం రోజున దూది పెట్టుకోనంటే మా అమ్మ కొట్టినంత పని చేసింది. అయ్యో..."

"పదహారు రోజుల కింద కడుపు కోసి బిడ్డను తీసినారు. మీ కంప్యూటర్లో ఆపరేషన్లు లేవని ఉండాది."

"అది... మనం నింపకపోతే దానంతట అదే లేవని పడుతుంది."

 తర్వాత ఆమె తనకు తానే చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టింది. రెండు కాళ్ళ మీదా బట్ట పైకి లాగి పక్కపక్కన చూడాలి. మోకాలి కింద ఒకే చోట టేపు పెట్టి రెండు పిక్కలూ కొలవాలి. ఒకటి రెండోదానికంటే మూడు సెంటీమీటర్లు లావుంటే అనుమానించాలి. వేలితో నొక్కితే గుంట పడిందా, పిక్క వెనక నరం వెంట నొప్పి ఉందా, ఈమధ్య ఆపరేషన్ అయిందా, రోజుల తరబడి మంచాన ఉందా, అన్నీ అడగాలి. అన్నిటికీ లెక్క ఉంది. ఆ లెక్క దాటితే స్కాన్.

"స్కాన్లో ఏం తెలుస్తాది?"

ఆమె సెలైను గొట్టం ముక్క తీసి బొటనవేలితో నొక్కింది. గొట్టం చదునైపోయింది. "మంచి నరం ఇలా అణుగుతుంది. లోపల గడ్డ ఉంటే ఎంత నొక్కినా అణగదు. పది నిమిషాల పని. తేలితే ఆ పూటే రక్తం పలచబడే సూది మొదలుపెడతాం. స్కాన్ గది అదిగో, ఆ మూల."

ఆదినారాయణ అడుగులు లెక్కపెట్టాడు. మూడో మంచం నుంచి స్కాన్ గది తలుపు దాకా పద్దెనిమిది అడుగులు. రాసుకున్నాడు. రాసుకుంటూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"బాలింతలకేనా ఇది? కాలు బెణికి, సిమెంటు కట్టు కట్టినోళ్ళకు గూడా వస్తాదా?"

"ఎందుకు రాదండీ! వారాల తరబడి కాలు కదపరు కదా. వాళ్ళకి ఇంకా భయం. ఎందుకడిగారు?"

"ఊరికే" అన్నాడు ఆదినారాయణ. చేతిలో కలం ఆగిపోయింది. పద్దెనిమిది అని రాసినచోటే మళ్ళీ పద్దెనిమిది అని రాశాడు.

"ఇంగో సంగతి. అట్లాంటి కాలు వత్తితే, వత్తినోళ్ళే సంపినట్టేనా?"

"వత్తకూడదు. కానీ వత్తబట్టే తెగిందని ఎవరూ చెప్పలేరు. లేచి నాలుగడుగులు వేసినా తెగొచ్చు. నేను ఆ రోజు కాలు చూసి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు."

ఆయన మందుల చీటీ నకలు అడిగాడు. ఆమె తీసి ఇచ్చింది. రెండు మాత్రలు. మూడోది పైపూత మందు, ట్యూబు. దాని ఎదురుగా ఆమె చేతిరాతే: నొప్పి ఉన్నచోట రోజుకు మూడుసార్లు బాగా రుద్దాలి.

ఆదినారాయణ ఆ గీత కింద గోరు పెట్టాడు. జిడ్డు పదార్థం! అమూల్య చూసింది. ఆమెకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. 

"మేనేజ్‌మెంటు వాళ్ళు ఎవరితోనూ మాట్లాడొద్దన్నారు" అంది. డ్రాయర్ లాగి తెల్లకాగితం తీసింది. "ఉద్యోగం పోతుందేమో. ఆ అమ్మాయి వెళ్ళేటప్పుడు నాకు థాంక్స్ చెప్పిందండీ. రెండు రోజులుగా అదే వినిపిస్తోంది." తాను కాలు పరీక్షించలేదని, రుద్దమని రాసింది తానేనని, గడ్డ దేనివల్ల తెగిందో ఎవరూ చెప్పలేరని రాసి, సంతకం చేసి, టైము వేసింది. పన్నెండూ ఇరవై.

ఆదినారాయణ జమ్మలమడుగు స్టేషను చేరేసరికి పన్నెండూ యాభై ఐదు. సి.ఐ. సురేంద్ర కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. ఎదురుగా బెంచీ మీద ఫిర్యాదుదారు ప్రవీణ్ తల వంచుకుని కూర్చున్నాడు. మూలన నేల మీద అక్కమ్మ, మోకాళ్ళకు చేతులు చుట్టుకుని ఉంది.

"రా బావా, రా" అన్నాడు సురేంద్ర. లక్ష్మీప్రియకు తమ్ముడు వాడు. ఒకప్పుడు ఆదినారాయణ దగ్గరే పని నేర్చుకున్నాడు. అక్క పోయినప్పటి నుంచి బావా అన్న పిలుపులో ముల్లు పెట్టి పిలుస్తాడు. "పెండ్లిసంబంధాలు అయిపోయినాయా? సావుకేసుల్లోకి దిగినావు?"

"ఆ ముసలామెను ఇడ్సిపెట్టు సురేంద్రా."

"ఎందుకు ఇడ్సాల? సదువూ సంధ్యా లేదు, ఊరోళ్ళ కాళ్ళు పట్టుకొని లాగుతాంది. నూనె దొరికింది."

"నూనె అని యాడ రాసినారు? జిడ్డు అని రాసినారు. నువ్వే నూనె పోసినావు దాంట్లో."

"నీకు పోస్టుమార్టం రిపోర్టులంటే ఎప్పుట్నించి ఇంత గురి? మా యక్క పోయినప్పుడు కొయ్యొద్దంటివే! గుండెపోటు అంటివి, మేం నమ్మితిమి. నలభై నాలుగేండ్ల మనిషికి గుండెపోటంట!"

 ఆదినారాయణ నోటుబుక్కు మూశాడు. వాడి మాటకు జవాబు ఆయన దగ్గర మూడేళ్ళ కిందటా లేదు, ఇప్పుడూ లేదు. కోస్తే ఆమెకు నొప్పి పుడుతుందని భయపడ్డానని ఏ పోలీసుకు చెప్పుకుంటాడు?

ఆయన కాగితాలు రెండూ బల్ల మీద పెట్టి, ప్రవీణ్ వైపు తిరిగాడు. "నాయనా, ఆస్పత్రిలో ట్యూబు ఒకటిచ్చినారే, యాడుండాది?"

ప్రవీణ్ చొక్కా జేబులోంచి తీశాడు. సగం నొక్కిన ట్యూబు. మూడు రోజులుగా అది వాడి జేబులోనే ఉన్నట్టుంది, జేబు గుడ్డకు మరక పడింది.

"జేబులో ఎందుకు పెట్టుకున్నావు?"

"మూత తీస్తే ఆ వాసన వస్తాది సార్. ఆయమ్మి నా పక్కనే కాలు సాపుకోని కూర్సున్నట్టు ఉంటాది." వాడు ట్యూబును గుప్పిట్లో మూశాడు. "మూడుపూట్ల రుద్దమని రాసినారు. నేనే రుద్దినా. బుధవారం పొద్దున ఆరింటికి గూడా రుద్దినా. సల్లగుండాది, ఇంగొంచెం రుద్దు అనింది." ఆగిపోయాడు. ఆయన ముఖంలోకి చూశాడు. "సార్... ఏంది సార్ అట్ల సూస్తాండారు? నేనేనా సార్?"

"కాదు" అన్నాడు ఆదినారాయణ. "డాక్టరు రాసింది నువ్వు చేసినావు. లేచి నడిచినా గడ్డ తెగుతాదంట. ఎవరి వల్ల తెగిందో దేవుడు గూడా చెప్పలేడంట. ఆ డాక్టరమ్మే రాసిచ్చింది, సూడు." ఆ మాటలు వాడికి చెబుతున్నాడో తనకు తాను చెప్పుకుంటున్నాడో ఆయనకే తెలియలేదు.

సురేంద్ర కాగితం రెండుసార్లు చదివాడు. పంతం దిగలేదు గానీ గొంతు తగ్గింది. "సరే, ట్యూబే అనుకుందాం. ఈమె పొద్దున ఏడింటికి వత్తలేదని ఏం గ్యారంటీ?"

"నన్నడగప్పా!" అంది అక్కమ్మ మూల నుంచి. "రెండు దినాలనుంచి నూనె యాడిది, నూనె యాడిది అని అడుగుతాండావు గానీ, వత్తినావా అని ఒక్కపారి అడిగితివా?"

ఒక కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. సురేంద్ర చెవులు ఎర్రబడ్డాయి. "సరే, చెప్పు. వత్తినావా?"

"ముట్టి సూసినా, అంతే. ఒక కాలు సల్లగుండాది, ఇంగోటి ఉడుకుగా ఉండాది. ఒకటి సన్నం, ఒకటి లావు. రెండు కాళ్ళూ ఒక మాదిరి లేకపోతే నేను సెయ్యి ఎయ్యను. అది వత్తే కాలు కాదు, ఆస్పత్రికి పోమ్మా అంటి. వాళ్ళను పొద్దుటూరికి పంపిచ్చిందే నేను. ఈ పిలగాన్ని అడుగు."

ప్రవీణ్ తల ఊపాడు. "అవ్వే పొమ్మనింది సార్. రాసిన కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టినా, ఈ మాట నన్నెవరూ అడగలేదు. మేం పోతే నరాల నొప్పి అన్నారు గదా, అవ్వకు తెలీక సెప్పిందిలే అనుకుంటిమి."

పంతొమ్మిది నిమిషాల్లో ఆసుపత్రి చెయ్యని పని, ఈ ముసలిది రెండు అరచేతులతో చేసింది. దాన్ని జైలుకు పంపబోయారు. ఆదినారాయణ గెలిచాడు. కానీ గెలిచిన సంతోషం ఆయన మొహంలో ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే అక్కమ్మ ఆయన్నే తేరిపార చూస్తోంది.

"నువ్వు తొండూరాయన కాదూ? పోలీసాయన? మీ ఇంటెనక సేన్లో మంద కట్టినాం, మూడేండ్లయింటాది. నీ పెండ్లాం బంగారట్లాంటి మనిషి. మా గొర్రెపిల్లలకు గంజి పోసేది."

"ఊఁ" అన్నాడు ఆదినారాయణ. 

"కాలికి సిమెంటు కట్టు తీసినాక నొప్పని నన్ను పిల్సింది. పట్టుకొని సూస్తే ఆయమ్మి కాలు గూడా ఇట్లనే ఉడుకు. ఇది నేను ముట్టను తల్లీ, పులివెందులకు పో, ఈ పొద్దే పో అంటి. మా ఆయన డ్యూటీకి పోయి పదకొండు దినాలాయ, సాయంత్రం వస్తాడు, చెప్తాలే అవ్వా, ఆయన్తోనే పోతా అనె. తెల్లారి మేం మంద తోలుకొని పోతిమి." ముసలిది నవ్వింది. "పోయినారా నాయనా పులివెందులకు? ఎట్లుండాది ఆయమ్మి?"

సురేంద్ర చేతిలోని కాగితం బల్ల మీద పెట్టేశాడు.

ఆ సాయంత్రం ఆదినారాయణకు ఇప్పుడు మొత్తం కనబడింది. పదకొండు రోజుల బందోబస్తు డ్యూటీ దిగి వచ్చాడు. బూట్లు విప్పి అరుగు కింద కూర్చున్నాడు. ఏనాడూ లేనిది, అడక్కుండానే ఆమె పాదం తీసి ఒడిలో పెట్టుకున్నాడు. నూనె వెచ్చబెట్టాడు. ఆమె కళ్ళు మెరిశాయి. నీకొక మాట చెప్పాల అంది. చెబితే ఆయన లేస్తాడు, బండి తీస్తాడు, ఆసుపత్రి వరండాలూ లైన్లూ. ఇన్నాళ్ళకు మొగుడు పక్కన కూర్చున్నాడు, ఇంకొంచెంసేపు ఉండనీ అనుకుంది పిచ్చిది. ఏం లేదులే అంది. మూడేళ్ళు వెతికిన మాట ఇదా! ఇది తెలియకుండా ఉండి ఉంటే ఇంకో ముప్పై ఏళ్ళయినా హాయిగా వెతుక్కునేవాడు కదా!

సురేంద్ర కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ నడిచి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. వాడి ముఖంలో సి.ఐ. లేడు. అక్కను పోగొట్టుకున్న తమ్ముడు ఉన్నాడు.

"బావా, ఆ పొద్దు సాయంత్రం మా యక్క కాలు ఎవరన్నా వత్తినారా?"

ఆదినారాయణ తన రెండు చేతులూ చూసుకున్నాడు. అబద్ధం చెప్పడానికి ఎంత చోటుందో, నిజం చెబితే ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు.

"నేనే సురేంద్రా" అన్నాడు. "శానా సేపు వత్తినా. ఆయమ్మి నిద్రపోయేదాకా వత్తినా."